జపాన్‌లో చిన్న నగరాలు, చుట్టుపక్కల పల్లెలు

జపాన్‌లో చిన్న నగరం అంటే వాడుకలో సుమారు 30 వేల నుంచి లక్షన్నర దాకా జనాభా ఉండి, చుట్టూ వరి పొలాలు, కొండవాలు ఊళ్ళు, అడవులు ఉన్న నగరం. మహానగరాల రైలు మార్గాల వెంట పెరిగిన శివారు నగరాలకు ఇదే జనాభా ఉన్నా వాటి కథ వేరు. అవి ఈ వ్యాసం పరిధిలోకి రావు. చుట్టుపక్కల పల్లెలకు చిన్న నగరం సంత, ఆసుపత్రి, హైస్కూలు, ఉద్యోగం దొరికే చోటు. నగరానికి పల్లెలు తిండిగింజలు, కలప, నీళ్ళు, పనిచేసే చేతులు, కొనుగోలుదారులు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎవరి వాటా ఎంత అన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

నిర్వచనం, పరిపాలనా హోదా

జపాన్ స్థానిక సంస్థలు మూడు రకాలు: షి (నగరం), మచి లేక చో (పట్టణం), మురా (గ్రామం). 1947 నాటి స్థానిక స్వపరిపాలన చట్టం ప్రకారం నగర హోదాకు 50 వేల జనాభా ఉండాలి. 60 శాతం ఇళ్ళు నడిబొడ్డు ప్రాంతంలో ఉండాలి. జనంలో 60 శాతం వర్తకం, పరిశ్రమ వంటి పట్టణ వృత్తులపై ఆధారపడిన కుటుంబాల వారై ఉండాలి. 1999 తర్వాత జరిగిన విలీనాల కాలంలో జనాభా షరతును 30 వేలకు సడలించారు. ఒకసారి దక్కిన హోదా జనాభా తగ్గినా పోదు. అందుకే హొక్కైడోలో బొగ్గు గనులు మూతబడిన ఉతాషినై 2020 జనగణనలో మూడు వేల లోపుకు పడిపోయినా నగరమే. హిరోషిమా పక్కనున్న ఫుచూ 50 వేలు దాటినా ఇప్పటికీ పట్టణమే.

హోదాను బట్టి ఊరి స్వభావం తెలియదు కాబట్టి 1960 జనగణన నుంచి మరో కొలత వాడుతున్నారు. చ.కి.మీ.కు 4,000 మందికి తగ్గని గణన విభాగాలు ఒకదానికొకటి ఆనుకుని, మొత్తం 5,000 మంది ఉంటే దాన్ని జనసాంద్ర ప్రాంతంగా లెక్కిస్తారు. నగరాల హద్దుల్లో ఉన్నవారిని కలిపితే దేశ జనాభాలో పదింట తొమ్మిది వంతులు నగరవాసులే. జనసాంద్ర ప్రాంతాల లెక్కన చూస్తే 2020లో ఆ వాటా 70 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా కాగితం మీద నగరంలో, కంటికి పల్లెలో బతికే జనమే. ఈ వ్యాసం ప్రధానంగా వాళ్ళ గురించే.

చరిత్ర: కోట, సంత, రేవు

నేటి చిన్న నగరాల్లో చాలావాటి పుట్టుక 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట జరిగింది. 1588లో నాటి పాలకుడు తొయొతోమి హిదెయొషి రైతుల దగ్గరున్న ఆయుధాలను స్వాధీనం చేసుకున్నాడు. యోధులు పొలాలు వదిలి ప్రభువు కోట చుట్టూ చేరారు. రైతులు ఊళ్ళలో మిగిలారు. 1615లో తొకుగావా ప్రభుత్వం ఒక్కో సంస్థానంలో ఒక్క కోటే ఉండాలని ఆజ్ఞాపించడంతో మిగతా కోటలు కూల్చేశారు, మిగిలిన కోట కిందకే వర్తకులు, చేతివృత్తులవారు తరలివచ్చారు. ఇలా ఏర్పడ్డవి జోకమాచి, అంటే కోట పట్టణాలు. భూమి విలువను వడ్లలోనో రూకల్లోనో కాక బియ్యంలో కట్టేవారు. కొలమానం కొకు, సుమారు 180 లీటర్లు. ఊరు మొత్తం మీద ఉమ్మడిగా పడే శిస్తు బియ్యం కోట పట్టణానికి చేరేది. యోధుల జీతాలు అందులోంచే. పల్లె కష్టం మీద పట్టణం నిలబడ్డ కాలమది.

అయితే రాకపోకలు ఒకవైపే సాగలేదు. దగ్గరి ఊళ్ళ రైతులు కూరగాయలు, వంటచెరకు పట్టణానికి తెచ్చి, తిరుగు ప్రయాణంలో పట్టణ ఇళ్ళ మలాన్ని ఎరువుగా మోసుకుపోయేవారు. దానికి డబ్బో కూరగాయలో చెల్లించేవారు. మలం కొనుక్కునే సరుకుగా ఉన్నంతకాలం పట్టణాల శుభ్రత సగం రైతుల చేతిలోనే ఉంది. రసాయన ఎరువులు వచ్చాకే ఈ బంధం తెగింది.

కోట లేని చోట సంతలు, మజిలీ ఊళ్ళు, రేవులు, ఆలయాల ముంగిళ్ళు పట్టణాలయ్యాయి. నీగతాలోని తోకమాచి పదో తేదీ వరసలో సంత జరిగే చోటు. మంచు కురిసే నెలల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు నేసిన సన్నని నారబట్ట అక్కడి వర్తకుల ద్వారా ఎదో (నేటి టోక్యో) నగరానికి పోయేది. షోనై మైదానంలో సకై వంశపు కోట త్సురుఒకాలో ఉంటే, అదే మైదానపు బియ్యం ఓడలెక్కే రేవు సకతా. అక్కడ 1893లో కట్టిన బియ్యపు గిడ్డంగుల వరస నేటికీ నిలిచే ఉంది. ఒకే పంటభూమిని రెండు పట్టణాలు అధికారం ఒకటి, వర్తకం ఒకటిగా పంచుకున్న ఉదాహరణ ఇది.

చరిత్ర: పట్టు, అప్పు, వలస

1871లో సంస్థానాలు రద్దయ్యాయి. పెద్ద కోట పట్టణాలు రాష్ట్ర రాజధానులయ్యాయి. తక్కినవి న్యాయస్థానం, మిడిల్ స్కూలు, బ్యాంకు శాఖ ఉన్న చిన్న కేంద్రాలుగా మిగిలాయి. 1873 భూమిశిస్తు సంస్కరణతో పన్ను బియ్యంలో కాక డబ్బులో కట్టాల్సి రావడంతో రైతు పట్టణ మార్కెట్‌కు, పట్టణ వడ్డీ వ్యాపారికి కట్టుబడ్డాడు. కొండ ఊళ్ళకు ఆ డబ్బు పట్టుపురుగుల పెంపకం నుంచి వచ్చేది.

పట్టు ధర పడిపోతే ఏమయ్యేదో చిచిబు అనే కొండ ప్రాంతంలో కనిపిస్తుంది. 1880ల మొదట్లో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి ప్రభుత్వం తీసుకున్న చర్యలతో పట్టు ధరలు కూలి, రైతులు అప్పుల్లో మునిగారు. 1884 నవంబరులో వేలమంది తిరగబడి, వడ్డీ వ్యాపారుల ఇళ్ళపై దాడి చేసి, అప్పు పత్రాలు తగలబెట్టి, నేటి చిచిబు నగర కేంద్రాన్ని పట్టుకున్నారు. సైన్యం వచ్చి అణచింది. అదే ఊళ్ళో డిసెంబరు 3న జరిగే చిచిబు రాత్రి జాతర కూడా పట్టు సంతతో కలిసి పెరిగిందే. రైతుకూ పట్టణానికీ మధ్య పగ, పండగ రెండూ ఒకే సరుకు చుట్టూ అల్లుకున్నాయన్నమాట.

పట్టుమిల్లులు లోయ పట్టణాల్లో వెలిశాక పల్లెలు కూలీలను పంపడం మొదలైంది. హిదా కొండల (నేటి తకయామా ప్రాంతం) అమ్మాయిలు నొముగి కనుమ దాటి నగానోలోని ఒకయా, సువా పట్టుమిల్లులకు నడిచి వెళ్ళేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస గమ్యం చిన్న నగరాన్ని దాటిపోయింది. 1950ల మధ్య నుంచి సుమారు ఇరవై ఏళ్ళపాటు ఈశాన్య ప్రాంతపు బడి పిల్లలు చదువు ముగియగానే ప్రత్యేక రైళ్ళలో టోక్యో కర్మాగారాలకు మూకుమ్మడిగా వెళ్ళారు. పెద్దవాళ్ళు కోతలయ్యాక చలికాలం నగరాల్లో కూలికి పోయి నాట్ల వేళకు తిరిగొచ్చేవారు.

ఊళ్ళో మిగిలినవారిని ఊళ్ళోనే నిలబెట్టిన మార్పులు రెండు. మొదటిది 1946లో మొదలైన భూసంస్కరణ. సాగుభూమిలో దాదాపు సగం ఉన్న కౌలు భూమి నాలుగేళ్ళలో పదో వంతుకు తగ్గింది. కౌలుదారు యజమాని అయ్యాడు. రెండోది పార్ట్‌టైం సేద్యం. చిన్న కమతాలు, ప్రభుత్వం నిలబెట్టిన బియ్యం ధర, 1970 ప్రాంతంలో వచ్చిన నాటు యంత్రం కలిసి, వారమంతా దగ్గరి నగరంలో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో వరి పండించడం సాధ్యమైంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరస సెలవుల్లో జపాన్‌లో చాలాచోట్ల నాట్లు పడేది అందుకే. ఈ పార్ట్‌టైం కుటుంబమే చిన్న నగరాన్నీ పల్లెనూ అర్ధశతాబ్దం పాటు కలిపి ఉంచిన ముడి. ఆ తర్వాత వచ్చిన పథకాలేవీ దానికి సాటిరాలేదు.

విలీనాలు: పల్లెలు నగరంలో కలిసిన తీరు

జపాన్‌లో మూడుసార్లు పెద్దఎత్తున స్థానిక సంస్థల విలీనం జరిగింది. 1888-89లో 71,314 ఊళ్ళు 15,859 అయ్యాయి. ప్రాథమిక పాఠశాల నడపగలిగేలా 300 నుంచి 500 ఇళ్ళను ఒక గ్రామంగా కట్టడం నాటి కొలత. 1953 నుంచి 1961 వరకు 9,868 నుంచి 3,472కు తగ్గాయి. ఈసారి కొలత మిడిల్ స్కూలు నడపగల 8,000 జనాభా. 1999 నుంచి 2010 దాకా మూడో విడతలో 3,232 కాస్తా 1,727 అయ్యాయి. ఈ విడతలో కొలత బడి కాదు, ఖజానా. విలీనమైతే ప్రత్యేక బాండ్లు జారీ చేసుకోవచ్చు, తిరిగి చెల్లింపులో 70 శాతం దాకా కేంద్రం సర్దుతుంది అన్నారు. విలీనం కాకపోయినా కేంద్రం ఇచ్చే పన్ను వాటా తగ్గుతూ వచ్చింది.

ఫలితంగా నగరాల రూపం మారింది. 2005లో తకయామా చుట్టూ ఉన్న 9 పట్టణాలు, గ్రామాలను కలుపుకుని 2,177 చ.కి.మీ. విస్తీర్ణంతో దేశంలోకెల్లా పెద్ద నగరమైంది. దాదాపు టోక్యో రాష్ట్రమంత నేల. జనాభా మాత్రం 2020లో 84 వేలు. నేలలో తొంభై శాతం పైగా అడవి. మియగావా నది ఒడ్డున ఉదయం సంతలో ఎర్ర ముల్లంగి, పచ్చళ్ళు అమ్మే ఆడవాళ్ళు ఒకప్పుడు నగరానికి బయటి ఊళ్ళ నుంచి వచ్చేవారు. ఇప్పుడు ఎంత దూరపు లోయ నుంచి వచ్చినా చాలాసార్లు నగరవాసులే.

అందరూ ఒప్పుకోలేదు. ఫుకుషిమా రాష్ట్రంలోని యమాత్సురి పట్టణ మండలి 2001 అక్టోబరులో ఎవరితోనూ విలీనం కాబోమని ప్రకటించింది. ఆ మాట మీదే నిలబడింది.

రకాలు

పరిసర పల్లెలతో ఉన్న సంబంధాన్నిబట్టి చిన్న నగరాలను స్థూలంగా కొన్ని తరగతులు చేయవచ్చు. త్సురుఒకా వంటివి మైదానపు వరి ప్రాంతానికి కేంద్రాలు. తకయామా, ఈదా, తోనో వంటివి కొండల నడుమ గిన్నెలాంటి లోయల్లో ఉండి, విడివిడి లోయల ఊళ్ళను కలిపేవి. మనివా (ఒకయామా రాష్ట్రం) అడవి మీద నిలిచిన నగరం. రంపపు మిల్లుల చెత్త, అడవిలో మిగిలే కొమ్మలు ఇంధనంగా 2015లో అక్కడ 10 వేల కిలోవాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది. యూబరిది వేరే తీరు. 1960లో లక్ష దాటిన బొగ్గు నగరమది. గనుల మీదే బతికింది. గనులు పోయాక 2007లో దివాలా తీసి కేంద్రం పర్యవేక్షణలోకి వెళ్ళింది. యూబరి ఖర్బూజా తోటలు పేరు నిలబెట్టినా నగరాన్ని నిలబెట్టలేకపోయాయి.

సంబంధాలు పనిచేసే తీరు: అంగడి

1973లో చేసిన పెద్ద దుకాణాల చట్టం ఊరి నడిబొడ్డు వర్తకులకు రక్షణ ఇచ్చింది. 1990లలో దాన్ని సడలించి, 2000లో రద్దు చేశారు. పొలాల మధ్య బైపాస్ రోడ్ల పక్కన మాల్స్ వెలిశాయి. పల్లె కుటుంబానికి కారు ఉంది, మాల్‌కు ఉచిత పార్కింగ్ ఉంది. కోట పట్టణపు పాత వీధికి ఆ రెండూ పనికిరాలేదు. షట్టర్లు దించిన దుకాణాల వీధులు చిన్న నగరాల గుర్తుగా మారాయి. పల్లెను నగరం పోగొట్టుకోవడం కంటే ముందు నగరాన్నే పల్లె దాటిపోయిందని ఈ దశను చెప్పవచ్చు.

రైతు నేరుగా అమ్ముకునే దుకాణాలు మరోవైపు పెరిగాయి. 1993లో 103 చోట్ల మొదలైన రోడ్డుపక్క విశ్రాంతి కేంద్రాలు (మిచి-నో-ఎకి) ఇప్పుడు 1,200 దాటాయి. చాలావాటిలో ఇలాంటి దుకాణం ఉంటుంది. ఇది మన రైతుబజారును పోలిందే గాని రైతు అక్కడ కూర్చోడు. పొద్దున్నే కూరగాయలు తెచ్చి, ధర తానే నిర్ణయించి, తన పేరున్న బార్‌కోడ్ చీటీ అంటించి అరలో పెట్టి పోతాడు. చాలాచోట్ల ఎంత అమ్ముడైందో ఫోనుకు సందేశం వస్తుంది; సరుకు అయిపోతే మళ్ళీ తెచ్చి నింపుతాడు. దుకాణం కమిషన్ పట్టుకుని డబ్బు ఖాతాలో వేస్తుంది, మిగిలింది సాయంత్రం రైతే ఇంటికి తీసుకుపోవాలి. ఎక్కువగా ముసలివాళ్ళు, ఆడవాళ్ళు నడిపే ఈ చిన్న వర్తకం సహకార సంఘం గ్రేడింగ్‌కు లొంగని వంకర దోసకాయకూ గిరాకీ తెచ్చింది.

ఇవాతే రాష్ట్రంలోని షిజుకుఇషి పట్టణంలో 2005లో మొదలైన చిన్న ట్రక్కుల సంత మరో పద్ధతి. నిర్ణీత ఆదివారాల్లో షట్టర్ల వీధిలో రైతులు ట్రక్కులు వరసగా నిలిపి, వెనక డాలా దించి అక్కడే అమ్ముతారు. ఐచీలోని షిన్‌షిరో వంటి నగరాలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. కదల్లేని వృద్ధుల కోసం సరుకులే ఊళ్ళోకి వెళ్ళే ఏర్పాటూ ఉంది: 2012లో తొకుషిమాలో పుట్టిన ‘తొకుషిమారు’ బళ్ళు నగరపు సూపర్‌మార్కెట్ సరుకును ఇంటి గుమ్మం దాకా తెచ్చి, ఒక్కో వస్తువుపై కొద్ది యెన్‌లు అదనంగా తీసుకుంటాయి.

సంబంధాలు పనిచేసే తీరు: వైద్యం, చదువు, ప్రయాణం

వైద్య ప్రణాళిక కోసం దేశాన్ని సుమారు 330 మండలాలుగా విభజించారు. సాధారణ ఇన్‌పేషెంట్ వైద్యం ఆ మండలంలోనే దొరకాలన్నది ఉద్దేశం. చాలా మండలాలకు కేంద్రం చిన్న నగరమే. గ్రామీణ వైద్యంలో ముందుగా చెప్పుకోవలసింది నగానో రాష్ట్రంలోని సకు సెంట్రల్ హాస్పిటల్. రైతు సహకార సంఘాల సమాఖ్య నడిపే ఈ ఆసుపత్రికి 1945లో వచ్చిన డాక్టర్ వకత్సుకి తొషికజు రోగి కోసం ఎదురుచూడకుండా ఊళ్ళకు వెళ్ళాడు. వైద్యసిబ్బందితో నాటకాలు ఆడించి ఆరోగ్య సూత్రాలు చెప్పించాడు. 1959 నుంచి యచిహొ గ్రామంలో అందరికీ ఏటేటా పరీక్షలు జరిపించాడు. 1976లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది.

హైస్కూలు నగరంలో ఉంటుంది కాబట్టి పదిహేనేళ్ళకే పల్లె పిల్లలకు నగరం పరిచయమవుతుంది. అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్ళినవారు తిరిగి రావడం తక్కువ. ఇక ప్రయాణం: 1980ల రైల్వే సంస్కరణల్లో నష్టాల శాఖా మార్గాలు మూసేశారు లేదా బస్సులకు, స్థానిక సంస్థలకు అప్పగించారు. 2018లో గోత్సు-మియొషి మధ్య 108 కి.మీ. సన్‌కో మార్గం కూడా మూతబడింది. ఫోన్ చేస్తే వచ్చే చిన్న బస్సులను నగర పాలక సంస్థలు నడుపుతున్నాయి.

ఉదాహరణ: ఈదా

దక్షిణ నగానోలోని ఈదా జనాభా లక్షకు కాస్త తక్కువ. చుట్టూ 3 పట్టణాలు, 10 గ్రామాలు. 1947లో పెద్ద అగ్నిప్రమాదంలో నగర నడిబొడ్డు చాలావరకు కాలిపోయింది. మంటలను అడ్డుకునేలా వెడల్పు చేసిన వీధి మధ్యలో 1953లో మిడిల్ స్కూలు పిల్లలు ఆపిల్ చెట్లు నాటారు. చుట్టుపక్కల రైతుల పంట నగరపు నడివీధిలోకి వచ్చింది. తరాలు మారినా చెట్ల బాగోగులు విద్యార్థులే చూస్తున్నారు.

ఈదా 1998 నుంచి నడిపే ‘వర్కింగ్ హాలిడే’ కార్యక్రమంలో నగరవాసులు తమ ఖర్చుతో వచ్చి రైతు ఇంట్లో ఉండి పండ్ల తోటల్లో పనిచేస్తారు. రైతు కూలి ఇవ్వడు, వచ్చినవాడు తిండికి, పడకకు డబ్బివ్వడు. ప్రసవాలు చేసే ఆసుపత్రులు తగ్గిపోయినప్పుడు ప్రాంతమంతా ఒక ఒప్పందానికి వచ్చింది: గర్భిణుల నెలవారీ పరీక్షలు దగ్గరి క్లినిక్‌లో, కాన్పు ఈదా మున్సిపల్ ఆసుపత్రిలో. 2009లో కేంద్రం కొత్త పథకం తెచ్చినప్పుడు (చూ. విధానాలు) ఈదా మొదటి వరసలో చేరడానికి ఈ అలవాటే కారణం.

ఉదాహరణ: తొయోఒకా

హ్యోగో రాష్ట్రంలోని తొయోఒకా లోయలో జపాన్ చివరి అడవి కొంగ (ఓరియంటల్ స్టార్క్) 1971లో చనిపోయింది. పురుగుమందులు, ఎండగట్టిన చిత్తడి పొలాలు కారణం. పెంపకంలోని కొంగలు ఐదింటిని 2005లో తిరిగి వదిలారు. వాటికి తిండి దొరకాలంటే వరి సాగే మారాలి: చలికాలంలోనూ మడిలో నీళ్ళు నిలపాలి, తోకకప్పలు కప్పలయ్యేదాకా పొలం ఆరబెట్టకూడదు, మందులు తగ్గించాలి. అలా పండిన బియ్యానికి ఎక్కువ ధర వస్తుంది. ఈ నగరంలోనే మరో బంధమూ ఉంది. రైతుల ఇళ్ళలో ఖాళీ కాలంలో అల్లిన విల్లో పెట్టెల నుంచే తొయోఒకా సంచుల పరిశ్రమ పుట్టింది.

విధానాలు

1960ల నుంచి కేంద్రం వరసగా పథకాలు తెచ్చింది. 1970లో జనాభా తగ్గుతున్న ప్రాంతాల చట్టం, 1971లో పల్లెల్లోకి కర్మాగారాలను తెచ్చే చట్టం వచ్చాయి. 1979లో ఓయితా గవర్నరు హిరమాత్సు మొరిహికొ ‘ఒక ఊరు ఒక ఉత్పత్తి’ ఉద్యమం మొదలుపెట్టాడు. దానికి ముందుమాదిరి ప్లమ్, చెస్ట్‌నట్ తోటలతో పైకొచ్చిన ఓయామా. అదిప్పుడు హితా నగరంలో భాగం. భారతదేశంలో ‘ఒక జిల్లా ఒక ఉత్పత్తి’ పథకానికి మూలం ఈ ఆలోచనే. 2008లో ఊరికి విరాళమిస్తే పన్ను రాయితీ దొరికే ‘ఫురుసాతొ’ పన్ను వచ్చింది. మంచి మాంసం, బియ్యం బహుమతిగా పంపే ఊళ్ళకే డబ్బు చేరుతోందన్న విమర్శ దానిపై ఉంది.

2009 నాటి స్థిరనివాస స్వావలంబన మండలాలు మరో దారి. ఇందులో విలీనం ఉండదు. సుమారు 50 వేల జనాభాతో, పగలు వచ్చేవారు రాత్రి ఉండేవారికి తగ్గకుండా ఉన్న నగరం కేంద్రంగా నిలబడి, ఒక్కో పొరుగు ఊరితో విడిగా ఒప్పందం చేసుకుంటుంది; రెండు మండళ్ళూ ఆమోదించాలి. వైద్యం, బస్సులు, పిల్లల సంరక్షణ పంచుకుంటారు. 2014లో తెచ్చిన నివాస కేంద్రీకరణ ప్రణాళికలు ఇళ్ళను, సేవలను నడిబొడ్డుకు చేర్చమంటాయి.

విమర్శలు, నేటి స్థితి

విలీనాలపై ప్రధాన విమర్శ ప్రాతినిధ్యం గురించినది. గ్రామ కార్యాలయం శాఖా కార్యాలయంగా కుదించుకుపోయింది, ఊరి మండలి పోయింది, నిర్ణయాలు కొండ అవతలికి మారాయి. ఆ కార్యాలయమే పెద్ద ఉద్యోగదాత అయిన చోట యువ ఉద్యోగుల కుటుంబాలు నగరానికి తరలిపోయాయి. సమర్థకులు చెప్పేది వేరు: విడిగా ఉంటే ఆ గ్రామాలకు ఇంజనీరో ఆరోగ్య కార్యకర్తో దొరకడమే కష్టమయ్యేది. రెండింటిలోనూ నిజముంది, కానీ విలీనం కాని ఈదా చుట్టుపక్కల గ్రామాలు ఒప్పందాలతోనే నెట్టుకొస్తుండటం చూస్తే విలీనం ఒక్కటే దారి కాదని తేలుతుంది.

2011 మార్చి సునామీలో ఈ సంబంధాలకు మరో ఉపయోగం కనిపించింది. ఒకప్పుడు తీరానికీ లోతట్టు ప్రాంతానికీ మధ్య గుర్రాల సంతగా ఉన్న తోనో, తీరంలోని కమాఇషి, ఓత్సుచి, రికుజెన్‌తకాతాలకు సహాయ బృందాల స్థావరమైంది; పాత వర్తక మార్గాల మీదే సహాయం నడిచింది.

2014లో మసుదా హిరోయా నాయకత్వంలోని బృందం 896 స్థానిక సంస్థలు కనుమరుగయ్యే ప్రమాదంలో ఉన్నాయని ప్రకటించింది. 2024 నాటి సవరించిన లెక్కలో అవి 744. 2022 నాటికి 1,718 స్థానిక సంస్థల్లో 885 చట్టప్రకారం జనాభా తగ్గుతున్న ప్రాంతాలుగా నమోదయ్యాయి. వీటిలో నగరాలూ ఉన్నాయి. కొన్నింటిలో నగరం మొత్తాన్ని కాక, విలీనంలో కలిసిన పాత గ్రామాల భాగాన్ని మాత్రమే చట్టం అలా గుర్తిస్తుంది.